చేయించుకోని పరీక్ష

మా విభాగానికి రోగులు రారు. వాళ్ళ ముక్కలు వస్తాయి. మూత మీద పేరు, వయసు, వార్డు రాసిన చిన్న సీసాల్లో, ఫార్మలిన్ వాసనతో వస్తాయి. పాథాలజీలో చేరబోయే మీలో కొందరు సరిగ్గా ఈ కారణానికే చేరుతున్నారని నాకు తెలుసు. నేనూ అందుకే చేరాను. మనిషి ఎదురుగా నిలబడి ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని అడగాలంటే నాకు భయం. హౌస్ సర్జన్‌గా పనిచేసిన ఏడాదంతా రోగులకు నేను ధైర్యం చెప్పిన దానికంటే, వాళ్ళు నాకు చెప్పిందే ఎక్కువ. సీసాలతో ఆ బాధ లేదు. అవి మన మొహం చూడవు.

మా సార్ రిటైరైన సందర్భంగా కొత్తగా చేరే పిల్లల కోసం తలా ఒక కేసు రాసివ్వమన్నారు. జ్ఞాపకాలు రాసే వయసు నాది కాదు. నా కంటే సీనియర్లు నవ్వుకుంటారని కూడా తెలుసు. కానీ సార్ అడిగారు కాబట్టి పాత డైరీలు ముందేసుకుని కూర్చున్నాను. రాయాలనిపించింది ఒక్కటే కేసు. అందులో నేను మైక్రోస్కోపు కింద చూసింది సగమే. మిగతా సగం మూడో అంతస్తులో, మగవాళ్ళ సర్జికల్ వార్డులో ఉంది.

ముందు సార్ గురించి చెప్పాలి. గుంటూరులో పుట్టి, గుంటూరులో చదివి, గుంటూరు ఎండల్ని తిడుతూ గుంటూరులోనే రిటైరైన మనిషి ఆయన. మా గదిలో రెండు తలల మైక్రోస్కోపు ఒకటి ఉంది. ఒకే స్లైడును ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూడవచ్చు. కానీ స్లైడును జరిపే మర ఒకవైపే ఉంటుంది. అటువైపు కుర్చీ సార్‌ది. ఆయన ఎటు జరిపితే మనం అటు చూడాలి. చూస్తూ చూస్తూ కూనిరాగం తీస్తారు. రాగం ఆగిందంటే ఏదో దొరికిందని మాకు గుర్తు.

నాకు ఆయనతో కూడా మాట్లాడటం కష్టంగానే ఉండేది. ఏదైనా అనుమానం వస్తే నోటితో చెప్పకుండా, స్లైడు మీద ఆ చోట మార్కరుతో ఒక చుక్క పెట్టి ఆయన ట్రేలో వదిలేసి వచ్చేదాన్ని. ఒకరోజు ఆయన నా స్లైడును కిటికీ వెలుగుకు పట్టి చూసి, “చుక్కలు బాగా పెట్టావమ్మాయ్. ముగ్గు ఎప్పుడు వేస్తావు?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు మళ్ళీ చుక్కే పెట్టాను.

ఇక కేసు. చిలకలూరిపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన. డెబ్బైకి దగ్గరపడిన వయసు. మొదట పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలి, తరువాత చాలా ఏళ్ళు పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో పని. ఇవన్నీ నాకు ఆ తరువాత తెలిశాయి. అప్పటికి నా దగ్గర ఉన్నవి ఒక సీసా, దాంతో వచ్చిన కాగితం. కొన్ని నెలలుగా మూత్రంలో రక్తం పడుతోందని అందులో ఉంది. రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. మామూలుగా ఉంది. వేలితో చేసిన పరీక్షలో ప్రోస్టేట్ మామూలుగా ఉంది. గొట్టం వేసి లోపలికి చూస్తే మూత్రాశయం మెడ దగ్గర నాచులా ఊగుతున్న కణితి కనిపించింది. గీకి తీసిన ముక్కలు పంపుతున్నాం, మూత్రాశయపు క్యాన్సర్ అని అనుమానం.

ప్రోస్టేట్ అంటే మగవాళ్ళలో మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. దానికి క్యాన్సర్ వస్తే సాధారణంగా రెండు ఆనవాళ్ళు ఉంటాయి. రక్తంలో పి.ఎస్.ఎ. అనే పదార్థం పెరుగుతుంది. మలద్వారం నుంచి వేలు పెట్టి చూస్తే గ్రంథి గట్టిగా తగులుతుంది. రెండూ లేవని కాగితం అంటోంది. కాబట్టి ప్రోస్టేట్ సంగతి ఎవరూ తలచుకోలేదు.

స్లైడు పెట్టగానే సార్ రాగం ఆగింది. “మూత్రాశయపు కణితే. చూశావా, కండరం పోగుల్లోకి కూడా దిగింది” అన్నారు. మూత్రాశయపు క్యాన్సర్ కండరంలోకి దిగిందంటే మూత్రాశయాన్ని పూర్తిగా తీసేయాలి. మూత్రం పొట్ట మీద పెట్టిన రంధ్రం గుండా ఒక సంచిలోకి వస్తుంది. ఆ సంచి ఇక జీవితాంతం ఉంటుంది. సార్ అప్పటికప్పుడే ఫోన్ చేసి సర్జన్ గారికి నోటిమాటగా చెప్పేశారు. సర్జన్ గారు ఆపరేషన్ సోమవారానికి పెట్టేశారు. రిపోర్టు టైపు చేసే పని నాది.

స్లైడు నా బల్ల మీదికి తెచ్చుకుని మళ్ళీ చూశాను. మా నాన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో వెళ్ళి, చలికి వణుకుతూ, వరసగా నిలబెట్టిన మిర్చి టిక్కీలను చూస్తూ ఉండేదాన్ని. పొడుగాటి గోనె బస్తాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. స్లైడులో కణాలు అచ్చం అలా ఉన్నాయి. సన్నగా, పొడుగ్గా, పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. మూత్రాశయపు క్యాన్సర్ కణాలు మామూలుగా ఇలా నిలబడవు. దొరికినచోటల్లా పొరల మీద పొరలుగా కుప్పపడతాయి.

నేను పాథాలజీ పుస్తకాన్ని నవల చదివినట్టు చదువుతాను. చిన్న అక్షరాల్లో ఇచ్చే అరుదైన జబ్బుల పేరాలంటే నాకు మరీ ఇష్టం. అలాంటి ఒక పేరా గుర్తొచ్చింది. ప్రోస్టేట్ లోపలి పెద్ద నాళికల్లో పుట్టే క్యాన్సర్ ఒకటి ఉంది. అరుదు. అది మూత్రనాళంలోకి నాచులా పెరిగి రక్తం కారుస్తుంది. రక్తంలో పి.ఎస్.ఎ. ఒక్కోసారి పెరగదు. గొట్టంతో చూసినా, స్లైడులో చూసినా మూత్రాశయపు కణితే అనిపించేలా ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రోస్టేట్ గ్రంథిలో సహజంగానే కండరం పోగులు అల్లుకుని ఉంటాయి. సార్ చూపించిన కండరం మూత్రాశయానిదే కావాలని లేదు.

నా అనుమానం నిజమైతే ఆ పెద్దాయన మూత్రాశయం జోలికి పోనక్కరలేదు.

స్లైడు మీద నాలుగు చోట్ల చుక్కలు పెట్టాను. రిపోర్టు టైపు చేయలేదు. సాయంత్రం సార్ అడిగారు. నేను పుస్తకం తెరిచి ఆ పేరా మీద వేలు పెట్టి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన పేరా చదివి, చుక్కలు చూసి, మళ్ళీ పేరా చదివారు.

“ప్రత్యేక రంగులు వేయించి చూస్తే తేలిపోతుంది. హైదరాబాదు పంపాలి, రావడానికి వారం పైనే పడుతుంది. ఆపరేషన్ సోమవారం. పి.ఎస్.ఎ. పెరగలేదు, వేలికి తగల్లేదు, కేవలం నీ చుక్కల కోసం ఆపమని ఆ సర్జన్‌కి ఎలా చెప్పను? నన్ను కొడతాడు” అన్నారు. పుస్తకాన్ని మళ్ళీ దగ్గరకు లాక్కున్నారు. “పి.ఎస్.ఎ. సంగతి నీ పుస్తకంలో ఉంది. వేలి సంగతి లేదు. ఇంత కణితి ప్రోస్టేట్‌లో ఉంటే వేలికి ఏదో ఒకటి తగలాలి. ఆ పరీక్ష ఎవరు చేశారో, ఎలా చేశారో కనుక్కో.”

“ఎవర్ని అడగను సార్?”

“చేయించుకున్నవాణ్ణి అడుగు. ఆయనకు తెలియకుండా జరిగే పరీక్ష కాదుగా అది” అని నవ్వుతూ సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం మూడో అంతస్తుకు వెళ్ళాను. మెట్ల మీద రెండుసార్లు ఆగాను. ఒక మగమనిషిని, అందులోనూ తాత వయసు మనిషిని, ఈ ప్రశ్న ఎలా అడగాలో పుస్తకంలో ఏ పేరాలోనూ లేదు.

ఆయన కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. బక్కపలచని మనిషి, తెల్లటి జుట్టు, పొయ్యి దగ్గర నిలబడి నిలబడి కమిలిన ముంజేతులు. తలగడ కింద నుంచి బైబిలు అంచు కనబడుతోంది. పక్కనే స్టూలు మీద ఆయన భార్య ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“రక్తానికొచ్చావా అమ్మా? పొద్దున్నే తీసుకుపోయారుగా” అంది ఆవిడ.

“కాదండీ. కింద ల్యాబులో డాక్టర్ని. తాతగారి ముక్కలు చూసింది నేనే.”

ఆయన లేచి కూర్చుని దుప్పటి నడుం దాకా లాక్కున్నారు. ఆవిడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తను మంచం అంచున కూర్చుంది. భోంచేశావా అని అడిగింది. ఏ ఊరని, పెళ్ళయిందా అని, మీ నాన్న ఏం చేస్తారని అడిగింది. నేను అడగడానికి వెళ్ళినదాన్ని అన్నిటికీ జవాబులు చెబుతూ కూర్చున్నాను. ఈలోగా ఆయనే అసలు విషయానికి వచ్చారు. ముందురోజు ఒక సిస్టరు సంచి తెచ్చి చూపించిందట. ఎక్కడ అంటిస్తారో, ఎలా ఖాళీ చేసుకోవాలో చెప్పిందట. ఆయనకు రాత్రి నిద్ర పట్టలేదట.

“నేను వండేవాణ్ణమ్మా” అన్నారు. “మా చర్చి సంఘంలో పెళ్ళయినా, ఆరాధన తరవాత పెట్టే ప్రేమ విందయినా పొయ్యి కాడ నేనే. ఒకప్పుడు ఊరవతల మా పేట దాటి మా చేతి వంట ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు ఊళ్ళో పెద్దోళ్ళ ఫంక్షన్లకి కూడా నన్నే పిలుస్తన్నారు. అది రావటానికి ఎన్నేళ్ళు పట్టిందో నీకు తెలవదు. పొట్టకి మూత్రం సంచి తగిలించుకున్నోడు గరిటె పడితే ఎవరు తింటారు? మొహాన అనరు. విస్తరి ముందు కూర్చుని, కెలికి లేచిపోతారు.”

“ఎవరూ అట్టా అనుకోరయ్యా” అంది ఆవిడ.

“నువ్వనుకోవులే. నీకు నా కూర తప్ప వేరే దిక్కు లేదు.”

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇక అడగక తప్పలేదు. నేల మీద మొజాయిక్ చుక్కల్ని చూస్తూ అడిగాను, వెనక నుంచి వేలితో చేసే పరీక్ష ఒకటి ఉంటుంది, అది చేశారా అని. చేశారన్నారు. ఎక్కడ అంటే పేటలో అన్నారు, అంటే చిలకలూరిపేటలో. ఏ డాక్టరు అని అడిగాను. ఆయన కూడా నేలనే చూస్తున్నారు. తరువాత భార్య వైపు తిరిగి, “క్యాంటీన్లో వేణ్ణీళ్ళు పట్టుకురా” అన్నారు. ఫ్లాస్కులో ఉన్నాయిగా అంది ఆవిడ. చల్లారినయ్యన్నారు. ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళింది.

“నువ్వు ఎవరికీ చెప్పబాకమ్మా” అని మొదలుపెట్టారు. “ఇక్కడ ఆ పరీక్ష చేస్తానని వచ్చినోడు మా బాబే. మా సంఘం పిల్లోడు. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషమేస్తే నా తువ్వాలే తలకి చుట్టా. అట్టాంటోడు తెల్లకోటు తొడుక్కుని వచ్చి, తాతయ్యా, పక్కకి తిరిగి పడుకో అన్నాడు. ఎట్టా తిరిగేది? పేటలో చేశారు, అంతా బానే ఉందన్నారు అని చెప్పేశా. ఆడికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. మొహం చూస్తే తెలిసిపోయింది.”

“పేటలో నిజంగా చేశారా తాతగారూ?”

“పేటలో మూత్రపరీక్ష చేయించుకున్నా. అంతే.”

ఆ హౌస్ సర్జన్ నాకు తెలుసు. బుద్ధిమంతుడు. తాతయ్య చెప్పిన మాటను నమ్మి, కాగితంలో ‘మామూలుగా ఉంది’ అని రాసేశాడు. అది పేటలో చేసిన పరీక్ష అని కూడా రాయలేదు. అదే మాట సర్జన్ గారి దాకా, సార్ దాకా, నా దాకా వచ్చింది. ఒక ముసలాయన సిగ్గు, ఒక కుర్రాడి సిగ్గు కలిసి ఒక మూత్రాశయాన్ని తీసేసే దాకా వచ్చాయి. ఈ విషయంలో నాకంత కోపం రాలేదు. ఆ కుర్రాడి స్థానంలో నేనుంటే నేనూ హమ్మయ్య అనుకునేదాన్ని.

“ఇప్పుడు ఆ పరీక్ష చేయించుకుంటే సంచి తప్పుద్దా?” అని అడిగారు.

“తప్పుతుందని చెప్పలేను. చేయించుకోకపోతే మాత్రం తప్పదు.”

ఆయన దుప్పటిని మళ్ళీ నడుం దాకా లాక్కున్నారు. క్యాంటీన్ నుంచి ఆవిడ తిరిగి వస్తున్న చెప్పుల చప్పుడు వినబడుతుండగా, గబగబా అన్నారు. “సరే. పెద్ద డాక్టరుగారినే చెయ్యమను. ఆ బాబు మాత్రం ఈ గదిలో ఉండకూడదు. తరవాత ఆడు నేను పెట్టిన విందు తినాలిగా.”

కిందికి వచ్చి సార్‌కి మొత్తం చెప్పాను. అంత పొడుగు మాట నేను అంతకు ముందు ఆయనతో మాట్లాడిన గుర్తు లేదు. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను తీసుకుని సర్జన్ గారిని పిలిచారు. నిన్న నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నారు. అవతల కేకలు మా గదిలో చివరి బల్ల దాకా వినిపించాయి. థియేటరు బుక్ చేశాక, రక్తం తెప్పించాక ఇప్పుడా అని. సార్ చెవికి దూరంగా ఫోను పట్టుకుని అన్నీ వినేసి, “అయ్యాయా? అయితే గ్లవ్ తొడుక్కుని ఒక్కసారి చూడండి. తగలకపోతే సోమవారం మీ ఇష్టం” అన్నారు.

సర్జన్ గారు అరుస్తారు గాని మనిషి మంచివారు. సాయంత్రమే హౌస్ సర్జన్‌ని ఏదో పని మీద బ్లడ్ బ్యాంకుకు పంపి, కర్టెన్ వేసి తనే పరీక్ష చేశారు. అయిపోయాక ఫోను సార్‌కి కాకుండా నాకు చేశారు. “కుడివైపు రాయిలా ఉందమ్మా. సోమవారం క్యాన్సిల్. రంగులకి పంపించెయ్యి” అని పెట్టేశారు.

మర్నాడు పొద్దున, సర్జన్ గారి నోట సంగతి విన్న హౌస్ సర్జన్ మా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాత్రంతా ఏడ్చినట్టున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. సార్ లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. “నేను కొత్తగా డాక్టరయినప్పుడు మా నాన్న నడుముకి ఇంజక్షన్ చెయ్యమన్నాడు. వీధి చివర కాంపౌండర్ని పిలుచుకొచ్చి చేయించాను. నీది కొత్త రోగం కాదు. కానీ ఇకమీదట, చేశానని రాస్తే చెయ్యి, చెయ్యలేకపోతే చెయ్యలేదని రాయి. ఇంకోళ్ళు చేస్తారు. టీ తాగు” అన్నారు. ఆ తరువాత సర్జన్ గారు వార్డులో ఒక కట్టుబాటు పెట్టారు. రోగి నీ ఊరివాడో, నీ బంధువో, నీ గుడికొచ్చేవాడో అయితే ముందే చెప్పు, మంచం మార్చుకో. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచే పిల్లలు డాక్టర్లవుతున్నారు, ఆ ఊళ్ళ నుంచే రోగులూ వస్తున్నారు. ఇది రోజూ పనికొచ్చే కట్టుబాటని మీకు త్వరలోనే తెలుస్తుంది.

ప్రోస్టేట్ నుంచి సూదితో తీసిన ముక్కలు కూడా కలిపి హైదరాబాదు పంపాం. వచ్చేదాకా ఆ పేరాను రోజూ తీసి చదివాను. నా అనుమానం తప్పయితే క్యాన్సర్ ఉన్న మనిషి ఆపరేషన్‌ని నేను చేజేతులా వెనక్కి నెట్టినట్టవుతుంది. ఈ మాట సార్ అనలేదు. సర్జన్ గారు అన్నారు, ఒకసారి కాదు.

స్లైడ్లు వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాల వేళ. సార్ పెట్టె తెరిచి, ఫలకం మీద వరసగా పేర్చి, రెండు తలల మైక్రోస్కోపు దగ్గరకు వెళ్ళారు. వెళ్ళి, తన కుర్చీలో కాకుండా అవతలి కుర్చీలో కూర్చున్నారు. మర లేనివైపు. “నువ్వు జరుపు. నేను చూస్తాను” అన్నారు.

మొదటి స్లైడును రెండుసార్లు సర్ది నిలబెట్టాను. మూత్రాశయపు కణాలకు అంటే రంగు ఈ కణాలకు అంటలేదు. రెండోది ప్రోస్టేట్ గుర్తులకు వేసే రంగు. నిలబెట్టిన ఆ పొడుగాటి కణాలన్నీ ముదురు గోధుమ రంగులోకి తిరిగిపోయి ఉన్నాయి, ఒక్కటి మిగలకుండా. రక్తంలోకి ఎక్కువగా వదలని పి.ఎస్.ఎ.ని అవి తమ లోపలే దాచుకుని ఉన్నాయి. సూది ముక్కల్లోనూ అదే. నేను నెమ్మదిగా స్లైడును ఈ చివర నుంచి ఆ చివరకు జరిపాను. అవతలి నుంచి కూనిరాగం మొదలైంది.

“చెప్పు మరి” అన్నారు.

“ప్రోస్టేట్ నాళికల క్యాన్సర్ సార్. మూత్రాశయానిది కాదు.”

“నాకు చెబితే ఏం లాభం? ఆ అరిచేవాడికి ఫోన్ చేసి చెప్పు.”

చేశాను. ఆయన ఆ రోజు అరవలేదు. ఇంకోసారి చెప్పమన్నారు, చెప్పాను. “సరే, సంచి తప్పిందని ఆ ముసలాయనకి నువ్వే వెళ్ళి చెప్పు. జబ్బు మాత్రం చిన్నది కాదని కూడా చెప్పు” అన్నారు.

రెండూ చెప్పాను. రెండో మాట ఆయన విన్నారో లేదో తెలియదు. మొదటి మాటకే భార్యాభర్తలిద్దరూ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నేను ఎటు వెళ్ళాలో తెలియక మంచం కాళ్ళవైపు నిలబడి, అది అయ్యేదాకా తల వంచుకుని ఉన్నాను.

స్కానుల్లో ఎముకలకు పాకలేదని తేలాక ప్రోస్టేట్ తీసేశారు, మూత్రాశయం ఉంచారు. కొన్ని నెలలు మూత్రం నిలవక గుడ్డలు పెట్టుకున్నారు. ఆ తరువాత కరెంటు. మా ప్రాంతంలో రేడియేషన్‌ని అలాగే అంటారు. దాంతోపాటు మగ హార్మోన్లను అణిచే ఇంజక్షన్లు. ఈ రకం క్యాన్సర్ మళ్ళీ తిరగబెట్టగలదు. పూర్తిగా నయమైందని మేము ఎప్పుడూ రాయం. ఇప్పటికీ వచ్చి పరీక్షలు చేయించుకుంటూనే ఉన్నారు. వచ్చినప్పుడల్లా మా గది దాకా దిగి వస్తారు.

ఇంజక్షన్లు మొదలయ్యాక ఒకసారి వచ్చినప్పుడు, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయని, చొక్కా తడిసిపోతోందని, పొయ్యి దగ్గర కూడా ఇంత వేడి ఎరగనని చెప్పుకున్నారు. మందు వల్ల అలా ఉంటుంది, ఆడవాళ్ళకు నెలసరి ఆగేటప్పుడు వచ్చే ఆవిర్లలాంటివే అని చెప్పాను. పక్కన ఆయన భార్య ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది.

“నాకొచ్చినప్పుడు ఏమన్నావయ్యా?” అంది. “వేడి చేసింది, సబ్జా గింజలు తాగు అన్నావు. రెండేళ్ళు తాగా. ఇప్పుడు నువ్వు తాగు.”

ఆయన నా వైపు చూశారు, కాపాడమన్నట్టు. నేను కాపాడలేదు.

మిరప కోతలు అయ్యాక, ఒక ఆదివారం వాళ్ళ పల్లెలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. ఆవిడ నన్ను రమ్మని ఒకటికి పదిసార్లు ఫోన్ చేయించింది. సార్ కూడా వస్తానని చెప్పి, ఎండ చూసి మానేశారు. నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. చిన్న చర్చి, వాళ్ళు గుడి అంటారు. చాపల మీద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. నేను ఆడవాళ్ళ వైపు చివర, గోడకు ఆనుకుని కూర్చున్నాను. పెద్దాయన పొద్దుటినుంచీ వెనక పందిట్లో వంట దగ్గరే ఉండి, అప్పుడే చేతులు కడుక్కుని చొక్కా మార్చుకుని వచ్చారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు.

సాక్ష్యాలు ఎలా ఉంటాయో నాకు కొంచెం తెలుసు. జబ్బు చేసింది, దేవుడు స్వస్థపరిచాడు అని రెండు మాటల్లో ముగించవచ్చు. ఆయన లేచి నిలబడి, కాసేపు చొక్కా చివర సర్దుకున్నారు.

“మీ అందరికీ కిడ్నీ జబ్బని చెప్పా. కిడ్నీ కాదు. మగోళ్ళకి మూత్రం తిత్తి కింద గ్రంథి ఒకటి ఉంటది, ప్రోస్టేటని. దానికొచ్చింది క్యాన్సరు. వెనక నుంచి వేలు పెట్టి చూస్తే తెలిసిపోయే జబ్బు. నేను చూడనియ్యలా. సిగ్గుపడి, చూపించుకున్నానని డాక్టర్లకి అబద్ధం చెప్పా. దేవుడి మందిరంలో నిలబడి ఒప్పుకుంటున్నా. నా సిగ్గుకి నా మూత్రం తిత్తి కోసేసేవాళ్ళు.”

ఆడవాళ్ళు కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళ వైపు హౌస్ సర్జన్ తల ఎత్తకుండా కూర్చుని ఉన్నాడు. అయ్యగారు బైబిలు మూసి తెరిచారు. అప్పుడు వెనక వరసలో, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన అడిగాడు.

“నొప్పెడుద్దా?”

“నన్నెందుకు అడుగుతావు? డాక్టరమ్మ అక్కడే ఉందిగా” అని పెద్దాయన నా వైపు చెయ్యి చూపించారు.

గుడి మొత్తం నా వైపు తిరిగింది. నా పక్కనున్న ఆవిడ మోచేత్తో నన్ను పైకి పొడిచింది. లేచి నిలబడ్డాను. మొదటి మాట నాకే వినిపించలేదు. వినబడట్లేదమ్మా అన్నాడు వెనక ముసలాయన.

“నొప్పి ఉండదు” అన్నాను గట్టిగా. “ఇబ్బందిగా ఉంటుంది. ఒక పాట మొదటి చరణం అయ్యేలోపు అయిపోతుంది.”

“ఎక్కడ చేస్తారు?” “ఏ రోజు రావాలి?” “అన్నం తినకుండా రావాలా?” మగవాళ్ళ వైపు నుంచి ఒకరి తరువాత ఒకరు అడగసాగారు. నేను చెబుతూ పోయాను. ఇంకా కూర్చోలేదు, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఒక ముసలమ్మ మోకాళ్ళ మీద లేచి, వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా అడిగింది.

“వాళ్ళ సంగతి అయ్యింది. మా సంగతి చెప్పమ్మా. మేమూ చాలా దాచుకున్నాం.”